గాలిని కట్టినవాడు

ఆ సినిమా విడుదలైనప్పుడు ఊళ్ళన్నీ హీరోయిన్‌కి ఈలలు వేస్తే, పలాస మాత్రం విలన్‌కి వేసింది. ఈ సంగతి ఏ పేపరూ రాయలేదు గానీ, పలాసని ఆనుకున్న కాశీబుగ్గ థియేటర్లో నాన్న పక్కన కూర్చుని చూసిన చందనకి బాగా తెలుసు.

కథ ఎప్పుడో మూడు వందల ఏళ్ళ తర్వాతది. సముద్రం సగం భూమిని మింగేసిన కాలం. నిర్వాతుడనేవాడు తీరం పొడవునా ఉక్కు స్తంభాలు పాతి గాలిని కదలకుండా కట్టేస్తాడు. ఇక తుఫాను లేదు, ఉప్పెన లేదు. కాకపోతే మనిషి గొంతు పెంచితే గాలి కదులుతుంది, గాలి కదిలితే స్తంభం పట్టు తప్పుతుంది. అందుకని వాడి నగరంలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, పాడకూడదు. పురిటి మంచం మీది ఆడది కూడా నోట్లో గుడ్డ కుక్కుకోవాలి. ఆఖరికి ఒక పిల్ల గొంతెత్తి పాడుతుంది, స్తంభాలు కూలతాయి, గాలి వచ్చి వాడిని చంపుతుంది. మిగతా ఊళ్ళవాళ్ళు అక్కడ చప్పట్లు కొట్టారు. పలాసలో ఆ గాలి హోరు వినగానే జనం కుర్చీల్లో బిగుసుకుపోయారు. వెనక వరసలోంచి ఒకావిడ, "ఆణ్ణెందుకు సంపీసినారు, ఆడుంటే మన కొబ్బరిసెట్లయినా మిగిలేవి కాదేటి" అంది. ఎవరూ నవ్వలేదు. తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసిన రాత్రి అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకీ గుర్తుంది.

చందన తండ్రి ఢిల్లీరావు ఆ సినిమా ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలీదు. కాశీబుగ్గలో దర్జీ కొట్టు ఆయనది. పగలంతా జాకెట్లు, స్కూలు నిక్కర్లు కుడతాడు. నాటకాల రోజులొస్తే మాత్రం జిల్లాలో ఆయనంత విలన్ లేడు. దుర్యోధనుడు, కీచకుడు, జమీందారు, దొంగనోట్ల కంట్రాక్టరు, ఎన్ని వేసినా ప్రతి వేషంలోనూ ఆఖర్న చావాలి, లేదా కాళ్ళ మీద పడాలి. ఇంట్లో దోమని కూడా కొట్టకుండా విసనకర్రతో తోలే మనిషి స్టేజీ ఎక్కితే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. అంత గొప్ప నటుడు తన తండ్రి అయినందుకు చందనకి చిన్నప్పుడు సిగ్గుగా ఉండేది. కీచకుడి కూతురని బడిలో ఏడిపించేవారు మరి. ఇప్పుడు ఆ సిగ్గంతా గర్వమైంది.

ఆ నిర్వాతుణ్ణి నాటకంగా ఆడాలని ఢిల్లీరావుకి పట్టుదల. పూండి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే గెడ్డవానిపేట ఆయన పుట్టిన ఊరు. అక్కడి అమ్మవారి సంబరంలో ఆడతానని ఒప్పుకుని, వేషం తనే కుట్టుకున్నాడు. తుఫాను తర్వాత ఇంటింటికీ పంచిన నీలం టార్పాలిన్ పట్టాని చీల్చి, నేల జీరాడే అంగీ చేశాడు. నడుస్తుంటే అది బరబరలాడేది. ఊళ్ళో ఏ చెవికైనా ఆ చప్పుడు తెలుసు. ఇల్లు లేనప్పుడు దాని కిందే కదా పడుకున్నారు.

ఇక ఆ నిర్వాతుడు ఎలాంటివాడన్న అసలు తగువు కొట్టులో మొదలైంది. చందన శ్రీకాకుళంలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. వరప్రసాదు మాస్టారు టెక్కలి కాలేజీలో పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యారు. పాంటు నడుము బిగించమని వచ్చిన పెద్దమనిషి ఆ వంకన నెలరోజులు బల్ల దిగలేదు.

"మాస్టారూ, ఒక్క సీను గమనించండి" అనేది చందన. "ఆ ఊళ్ళో చప్పుడే లేదు. అయినా ఆడు రెండు చేతుల్తో చెవులు మూసుకుని పడుకుంటాడు. ఏం వింటన్నాడు? ఎప్పుడో తుఫాను గాల్లో ఎవరో ఆణ్ణి ఏడుస్తూ పిలిచారు. ఆడు వెళ్ళలేకపోయాడు. ఆ పిలుపు ఇంకా ఆగలేదు. ఆడు గాలిని కట్టలేదు, ఆ ఏడుపుని కట్టాడు."

"పిల్లా, నీకు ప్రతి దొంగలోనూ ఒక సంటిగుంటడే కనబడతాడు" అనేవారు మాస్టారు. "మరి ఏడాదికోసారి ఒక స్తంభం వదులు సేసి కాస్త గాలి లోపలికి ఒగ్గుతాడు గదా, అదెందుకంటావు? జనం భయం మర్సిపోకూడదని. తుఫాను భయం పోతే రేపు ఆణ్ణెవరు కావాలంటారు? భయాన్ని తీసీసినోడు రాజ్యం ఏలడు. దాన్ని దగ్గిర దాసుకుని, అవసరానికి తీసి సూపించినోడు ఏల్తాడు. ముందు మేలు సేత్తాడు, ఖరీదు తర్వాత సెప్తాడు. జనం కూడా తక్కువోళ్ళు కారు, ఖరీదెంతని అడగరు."

ఢిల్లీరావు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఇద్దర్నీ వినేవాడు. సూదులు తీశాక ఒకటే అడిగేవాడు. "ఇద్దరూ నిజమే సెప్తన్నారు. మరి ఒక్క మనిసి ఒంట్లో ఈ రెండూ ఎలాగ పడతాయి?"

ఆ సాయంత్రాలు రిహార్సలు చూడాలి. కూతురి మాట పట్టుకుని ఆడితే నిర్వాతుడు మరీ జాలిగా ఉండేవాడు, పాడే పిల్ల వేషం వేస్తున్న జెన్నిఫర్ తన పాట మానేసి ముక్కు తుడుచుకునేది. జెన్నిఫర్ మాస్టారి మనవరాలు, చర్చి క్వయర్లో పాడే గొంతు. మాస్టారి మాట పట్టుకుని ఆడితే టీ తెచ్చినవాడు గ్లాసులు పెట్టడానికి దగ్గరికి రాలేదు. రెండూ కలపబోతే ఉప్మాలో పాయసం పోసినట్టు ఉండేది. ఢిల్లీరావుకి నిద్ర తగ్గింది. మామూలు దర్జీ పనైతే ఏదో ఒకటి కుట్టేసి ఇచ్చేద్దును అనేవాడు. ఆ పట్టుదల చూస్తే చందనకి దండం పెట్టాలనిపించేది.

సంబరం ముందురోజు గోపాలరావు కబురు పెట్టాడు. గెడ్డవానిపేటలో కొబ్బరితోటలు, పడవల మీద పెత్తనం, పాత సర్పంచి పదవి అన్నీ ఆయనవే. సంబరం ఖర్చూ ఆయనదే. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. తండ్రితో పాటు వెళ్ళిన చందన ఆయన మాటలన్నీ విన్నది.

"ఆఖర్న ఆడు సావకూడదు ఢిల్లీరావు" అన్నాడు గోపాలరావు పడక్కుర్చీలో వెనక్కి వాలి. "మనోళ్ళకి గాలి కట్టినోడు దేవుడు. దేవుణ్ణి సంపీత్తే ఎలాగ? నువ్వు స్టేజీ దిగి నా ఎడ్లబండెక్కు. నా పక్కన కూర్చో. ఊరంతా తిరుగుదాం. గాలిని కట్టే నాయకుడని నాను సెప్పుకోను, జనమే అనుకుంటారు."

"నాటకం మారిపోతాది బాబూ" అన్నాడు ఢిల్లీరావు. "ఆడు సావాల. ఆ పిల్ల పాట గెలవాల. అది మార్సమంటే నాను వేషమే కట్టను."

దారిలో తండ్రి చెయ్యి పట్టుకుని నడిచింది చందన. గోపాలరావు ముఖాన కాదన్నవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. అయితే గోపాలరావు కోప్పడకుండా నవ్వి పంపడం ఆమెకి నచ్చలేదు.

ఆ నవ్వెందుకో మర్నాడు తెలిసింది. సంబరంలో ఒక ఆచారం ఉంది. ఆ రోజు వేషం కట్టినవాడు వేషం విప్పేదాకా అమ్మవారి మనిషి. ముర్రాట బిందెలు నెత్తిన పెట్టుకుని గుడికి వెళ్ళే ఆడవాళ్ళు, దారిలో వేషగాడు ఎదురైతే ఆ పసుపునీళ్ళు కాస్త వాడి కాళ్ళ మీద పోసి కోరిక అడుగుతారు. వాడు కాదనకూడదు. "అలాగే తల్లీ" అనాలి. అన్నాక ఆ మాట అమ్మవారిదే. ఇంతకాలం పులివేషాలకి, శక్తివేషాలకి పోశారు. ఎప్పుడో రాబోయే కాలపు ఉక్కుస్తంభాల మనిషికి, అందులోనూ సినిమా విలన్‌కి, టార్పాలిన్ కట్టుకున్న దర్జీకి ముర్రాట పోస్తారని ఎవరనుకుంటారు? అనుకున్నవాడు గోపాలరావు ఒక్కడే. ఊరేగింపు దారిని స్టేజీ వెనక నుంచి వేయించింది ఆయనే.

ముఖానికి బూడిదరంగు పూసుకుని ఢిల్లీరావు గాలి కోసం బయట నిలబడ్డాడు. డప్పులు దగ్గరికొచ్చాయి. ముందు నడుస్తున్న తవిటమ్మ ఆయన్ని చూసి ఆగిపోయింది. ఊళ్ళో తవిటమ్మని ఎరగనివాళ్ళు లేరు. తుఫాను రాత్రి ఆమె కొడుకు నూకరాజు పడవ లాగి వస్తానని సముద్రపు గట్టుకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచి ఆవిడ ప్రతి సందెవేళా గట్టు మీద నిలబడి కొడుకుని పేరు పెట్టి పిలుస్తుంది, అన్నానికి పిలిచినట్టు. ఊరికది అలవాటైపోయింది.

ఆవిడ బిందె దింపి, వేపమండ ముంచి, పసుపునీళ్ళు ఆ నీలం అంగీ అంచు మీద పోసింది.

"సినిమాలో సూసినాను బాబూ నిన్ను" అంది. "గాలిని కట్టీ. మరొదలకు. నాకొచ్చిన కష్టం ఇంకే తల్లికీ వద్దు."

వెనక ఆడవాళ్ళందరూ బిందెలు దింపారు. డప్పులు ఆగాయి. ఢిల్లీరావు ఆవిడ ముఖంలోకి చూశాడు. కాదంటే ఆ ముసలి ముఖం ఏమవుతుందో చందనకి కనిపిస్తూనే ఉంది.

"అలాగే తల్లీ" అన్నాడాయన.

అంతే. ఇప్పుడు నిర్వాతుడు స్టేజీ మీద చస్తే అమ్మవారి మాట బొంకైపోతుంది, తవిటమ్మ గుండె రెండోసారి పగులుతుంది. చావకపోతే గోపాలరావు బండి సిద్ధంగా ఉంది. మువ్వలు కట్టిన ఎడ్లు, బంతిదండలు, పక్కన ఒక కుర్చీ ఖాళీగా. గోపాలరావు దూరం నుంచే చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఆయన వేసిన వల అంత పకడ్బందీగా ఉంది.

స్టేజీ వెనక ఢిల్లీరావు హార్మోనియం పెట్టె మీద కూలబడ్డాడు. మాస్టారు, జెన్నిఫర్, చందన చుట్టూ నిలబడ్డారు. నాటకం మొదలవడానికి ఎంతో సేపు లేదు.

"సందనా" అన్నాడు మెల్లగా. "నా సంగతొగ్గీ. ఆడైతే ఏటి సేత్తాడే ఇప్పుడు? ఆ నిర్వాతుడు?"

"మాట తప్పడు నాన్నా. గాలిని కట్టేస్తాడు. ఆవిడ ఏడుపు వినలేకే కట్టేస్తాడు. ఆడికి గాలంటే పగ లేదు. ఏడుపు వినలేడంతే."

"కట్టీసి ఊరుకోడు" అన్నారు మాస్టారు. "ఖరీదు సెప్తాడు."

ఢిల్లీరావు తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కొట్టులో ఎవరైనా నప్పని గుడ్డ తెస్తే ఎక్కడ కోస్తే కుదురుతుందో చూసే చూపే అది. లేచి అంగీ దులుపుకున్నాడు. "జెన్నిఫరూ, నాను సెయ్యెత్తితే పాట ఆపీమ్మా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా నాటకం మొదలైంది. ఇసకలో జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరసలో తవిటమ్మ, ఆమె పక్కన ముర్రాట పోసిన ఆడవాళ్ళు. కుర్చీలో గోపాలరావు. నాటకమంతా సజావుగా నడిచింది. ఢిల్లీరావు గొంతు ఉక్కులా మోగింది. జనం ఒకచోట భయపడ్డారు, ఒకచోట జాలిపడ్డారు. రెండూ ఇంకా విడివిడిగానే ఉన్నాయని చందనకి తెలుస్తోంది. ఆఖరి సీను వచ్చింది. జెన్నిఫర్ ముందుకొచ్చి పాట ఎత్తుకుంది. ఆ పాటకి గాలి రావాలి, వాడు చావాలి.

నిర్వాతుడు చెయ్యెత్తాడు. పాట ఆగిపోయింది.

కింద గోపాలరావు ముఖం వికసించింది. బండి దగ్గర నిలబడ్డవాళ్ళకి సైగ చేశాడు. ఢిల్లీరావు స్టేజీ అంచుదాకా వచ్చాడు. మైకు ఆపమన్నాడు. డప్పులవాళ్ళ వైపు చూశాడు, వాళ్ళు కర్రలు దించేశారు. అప్పుడు నాటకం భాష వదిలేసి, ఊరి మాటతో మొదలుపెట్టాడు.

"తవిటమ్మ తల్లీ. నువ్వడిగినావు, నానొప్పుకున్నాను. గాలిని కట్టీసినాను. ఇంక ఈ గట్టు మీద ఆకు కదలదు. నీ కష్టం మరో తల్లికి రాదు. ఇది నా మాట."

తవిటమ్మ చేతులు జోడించింది.

"మరి నా ఖరీదు ఇను. గొంతెత్తితే గాలి తెగిపోతాది. ఇయ్యాలట్నుంచి ఎవలూ గట్టిగా ఏడవకూడదు. ఎవల్నీ పేరు పెట్టి పిలవకూడదు. రేపు సందేల నువ్వు గట్టుకెల్లకు. నూకరాజూ అని పిలవకు. మనసులో అనుకో, పెదవి కదపకు. ఆడి పేరు ఈ ఊళ్ళో ఇంక ఎవలికీ ఇనపడకూడదు. ఇప్పుట్నుంచే."

వేలు పెదవుల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

జనం మొదట్లో నాటకమనుకున్నారు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఒక పసివాడు కుయ్‌మంటే తల్లి నోరు నొక్కింది, నొక్కాక తన చేతిని తనే చూసుకుంది. గోపాలరావు పక్కవాడితో ఏదో గుసగుసలాడబోతే నిర్వాతుడు అటు ఒక్క చూపు చూశాడు. ఆయన నోరు మూశాడు. ఊళ్ళో ఆ నోరు మూయించినవాడు ఇంతవరకూ లేడు. ఆ మూసిన నోటితో, చుట్టూ తన చూపు కోసం కాక స్టేజీ మీది వేలు కోసం చూస్తున్న జనాన్ని చూసి, గోపాలరావుకి కుర్చీలో కుదురుగా కూర్చోవడం కష్టమైంది.

నిశ్శబ్దం పెరిగింది. ఊరివాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఇంత మంది ఒక్కచోట ఇలా మూగగా కూర్చున్నది లేదు. తండ్రి ముఖంలోకి చూసింది చందన. వేలు పెదవులకి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఎవరైనా ఏడుస్తారేమోనని భయపడుతున్నాడు ఆ నిర్వాతుడు. ఆ భయంతోనే ఊరంతటినీ నొక్కిపట్టి ఉంచాడు. చెవులు మూసుకున్న పసివాడూ గద్దె మీది రాజూ ఇద్దరు కారు, ఒక్కడే. తను నెల్లాళ్ళు చెప్పినదీ మాస్టారు నెల్లాళ్ళు చెప్పినదీ ఆ ఒక్క వేలిలో ఉన్నాయి. పక్కన మాస్టారు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నారు. ఇంత గొప్ప మనిషా రోజూ తనకి టిఫిన్ బాక్సు కట్టి బస్సెక్కించేది అనుకుంది చందన.

తవిటమ్మ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. పెదవులు బిగించుకుంది. కట్టినవాడు అడిగిన ఖరీదు, కన్నకొడుకు పేరు, రెండూ ఆ నోట్లో పెనుగులాడుతున్నాయి. అలవాటైన వేళ దాటిపోతోంది. సముద్రం వైపు తిరిగింది. మళ్ళీ స్టేజీ వైపు తిరిగింది. కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది.

"ఒరే నూకరాజూ" అని పిలిచింది.

ఆ పిలుపుకి నిర్వాతుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా, గట్టు దాటి వినపడేలా. వెనక ఇంకో గొంతు తన మొగుణ్ణి పిలిచింది. ఇంకెవరో అన్నని పిలిచారు. పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఏడుపులు, పేర్లు, తిట్లు, అన్నీ కలిసిపోయి ఊరంతా ఒక్కసారిగా నోరు విప్పింది. జెన్నిఫర్ పాడాల్సిన పాట ఎవరికీ గుర్తు లేదు. ఢిల్లీరావు ఇంతకుముందు స్టేజీ మీద ఎన్నో చావులు చచ్చాడు. గుండె పట్టుకుని, గిరగిరా తిరిగి, కేకపెట్టి చచ్చేవాడు. ఈసారి చప్పుడు చెయ్యలేదు. బరువు మోసి మోసి దించినవాడిలా మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి ఒరిగిపోయాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోపాలరావు ఎప్పుడు లేచి వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

తవిటమ్మ జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కింది. చందన భయపడి ముందుకి వెళ్ళబోతే మాస్టారు చెయ్యి పట్టి ఆపారు. ఆవిడ ఢిల్లీరావు పక్కన కూర్చుని, నీలం పట్టా కిందికి చెయ్యి పోనిచ్చి, ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళు మూసుకున్న ఆ బూడిదరంగు ముఖం మీద కన్నీళ్ళు చారికలు కట్టి ఉన్నాయి. కొంగుతో తుడిచింది.

"లెగు బాబూ" అంది. "నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నానే, ఆణ్ణి పిలవకుండా ఉండలేకపోనాను."